పచ్చ నంబర్ ప్లేటుకు రెండున్నర లక్షలు, మరి పచ్చని చేనుకో?



రాయక చాన రోజులైంది. మక్కలు అమ్ముడు, యాసంగి నాట్లు, నడుమ సర్పంచ్ ఓట్లు. ఫోన్ పట్టుకుని కూసునే తీరిక దొరకలే. కానీ ఈ ముచ్చట కడుపుల పెట్టుకుంటే నిద్ర పడతలేదు. జర పొడుగుంటది, ఓపిక చేసుకుని చదవండి.

కార్తీకంల మా చుట్టాల ఇంట్ల పెండ్లి అయింది. మా బామ్మర్ది కొడుకు హైదరాబాద్ నుంచి కొత్త కారుల వచ్చిండు. కరెంటు కారు, పచ్చ నంబర్ ప్లేటు. పెండ్లిపిల్లను చూసేటోళ్లకన్నా దాన్ని చూసేటోళ్లే ఎక్కువున్నరు. చప్పుడు లేదు, పొగ లేదు. నేనూ ఎక్కి ఊరి బయటి చెరువు కట్ట దాకా పోయొచ్చిన. బాగున్నది, అబద్ధం ఎందుకు చెప్పాలె. "ఎంత పడ్డది అల్లుడా?" అని అడిగిన. "15 లక్షలు మామా. ఇదే ధరల పెట్రోల్ కారు తీసుకుంటే రోడ్ ట్యాక్స్ ఇంకో రెండున్నర లక్షలు కట్టేది ఉండె. దీనికి ఒక్క పైసా లేదు" అన్నడు.

ఆ పిల్లగాని మీద నాకు కోపం లేదు. చదువుకున్నడు, కష్టపడ్డడు, కొనుక్కున్నడు. కానీ సరిగ్గా అంతకు వారం ముందే నేను 50 క్వింటాళ్ల మక్కలు క్వింటాల్ 1,850 లెక్కన అమ్మి వచ్చిన. మద్దతు ధర 2,400. తుపాను వాన పడి కల్లంల మక్కలు తడిసినయి. మద్దతు ధర సెంటర్ మా దగ్గర తెరిచేదాకా ఆగితే బూజు పట్టేటట్టుండె. తేమ ఉన్నదని ఒక కోత, తాలు ఉన్నదని ఒక కోత పెట్టి సేటు ఎంత అంటే అంతకు కాంటా పెట్టిచ్చిన. క్వింటాల్‌కు 550 తక్కువ. మొత్తం మీద 27,500 రూపాయలు నా చేతికి రాకుండ పోయినయి.

కారుకు, మక్కలకు ఏం సంబంధం అని మీరు అడగొచ్చు. అదే ఇయ్యాల నేను చెప్పాలనుకున్నది. ఆ రెండింటినీ ముడేసింది నేను కాదు, సర్కారే. బయటి దేశాల నుంచి నూనె కొనుడు తగ్గాలె, పొగ తగ్గాలె అని సర్కారు రెండు తొవ్వలు పట్టింది. ఒకటి కరెంటు బండ్లు, హైబ్రిడ్ బండ్లు. రెండోది పెట్రోల్‌ల ఇథనాల్ కలుపుడు. మొదటి తొవ్వల మన అల్లుడు కారుల పోతున్నడు. రెండో తొవ్వల మన మక్కలు లారీల పోతున్నయి. ఆయనకు రెండున్నర లక్షలు మిగిలినయి, నాకు 27 వేలు పోయినయి. పని ఒక్కటే, దేశానికి నూనె ఖర్చు తగ్గిచ్చుడు. మరి పంపకం ఇట్ల ఎందుకున్నది?

ముందుగాల మొదటి తొవ్వ సంగతి చూద్దాం.

మన రాష్ట్రంల 2024 నవంబర్‌ల జీవో 41 వచ్చింది. కరెంటు స్కూటర్లు, కార్లు, ట్యాక్సీలు, ఆటోలు, చిన్న గూడ్స్ బండ్లు, ట్రాక్టర్లు, బస్సులు, వీటికి రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు నూటికి నూరు శాతం మాఫీ. 2026 డిసెంబర్ 31 దాకా. 10 లక్షల నుంచి 20 లక్షల లోపు పెట్రోల్ కారుకు లైఫ్ ట్యాక్స్ 2022ల 17 శాతం చేసిండ్రు. 15 లక్షల కారు మీద అది 2,55,000. మా అల్లుడు చెప్పిన లెక్క నిజమే.

ఇప్పుడు ఆ రెండు లక్షల యాభై అయిదు వేలను మన కొలతల పెట్టి చూడండి. నాకు మూడెకరాలు. రైతు భరోసా ఎకరానికి ఏడాదికి 12,000 చొప్పున 36,000. అంటే ఒక్క కారుకు ఒక్క దినంల మాఫీ అయిన పన్ను నాకు ఏడేండ్ల రైతు భరోసా. పీఎం కిసాన్ ఏడాదికి 6,000 లెక్కన చూస్తే 42 ఏండ్లు. నాకిప్పుడు 54. నా బతుకంత అయిపోతది ఆ లెక్క నిండాలంటే.

టీవీల పెద్దమనుషులు కూసొని రైతులకు ఉచితాలు ఇచ్చి ఖజానా ఖాళీ చేస్తున్నరని అంటరు. కారుకు వదిలేస్తే దాన్ని ప్రోత్సాహకం అంటరు. మనకు ఇస్తే ఉచితం. పేరు మారంగనే మర్యాద మారింది. ఉత్తరప్రదేశ్‌ల అయితే 2024 జులైల స్ట్రాంగ్ హైబ్రిడ్ కార్లకు కూడ రిజిస్ట్రేషన్ పన్ను తీసేసిండ్రు. హైబ్రిడ్ అంటే పెట్రోల్ ఇంజన్ ఉంటది, తోడుగ బ్యాటరీ ఉంటది. పెట్రోల్ తక్కువ తాగుతది, నిజమే. కానీ తాగుతది. ఆ కార్లు కొనేటోళ్లకు ఆ పన్ను కట్టే శక్తి లేకనా?

కేంద్రం సంగతి చూడండి. ఫేమ్ పథకం 2015ల మొదలైంది. 2019ల రెండో విడత, 10,000 కోట్లు. 2021 జూన్‌ల స్కూటర్ బ్యాటరీకి కిలోవాట్ అవర్‌కు 15,000 చొప్పున రాయితీ పెంచిండ్రు. మూడు కిలోవాట్ల బ్యాటరీ స్కూటర్ మీద 45,000 దాకా తగ్గింది. అప్పుడు ఆ బండ్లు ఎక్కడ దొరికినయి? హైదరాబాద్‌ల, బెంగళూరుల. మన మండలానికి షోరూం రాలే. తర్వాత 2023 జూన్‌ల రాయితీ కోసేసిండ్రు. 2024 అక్టోబర్ నుంచి పీఎం ఈ-డ్రైవ్ అని కొత్త పేరు. 2025 ఏప్రిల్ నుంచి కిలోవాట్ అవర్‌కు 2,500, ఎంత పెద్ద బండైనా 5,000 దాటలే. అది గూడ 2026 మార్చి దాకనే అన్నరు. పట్నపోళ్ల వంతుకు 45 వేలు, మన పల్లెల బండ్లు కనబడే యాళ్లకు 5 వేలు. బంతిల చివర కూసున్నోనికి గంజే మిగులుతది అన్నట్టున్నది.

మా పెద్దోడు రెండేండ్ల కింద కరెంటు స్కూటర్ తీసుకున్నడు. నడిచినన్ని దినాలు బాగనే నడిచింది. పాల క్యాన్లు పెట్టుకుని కేంద్రానికి పోయొస్తుండె, పెట్రోల్ ఖర్చు లేకపాయె. వానకాలంల ఒకనాడు ఆగింది. సర్వీస్ సెంటర్ మాకు 50 కిలోమీటర్లు. ట్రాలీ ఆటోల ఏసుకుని పోతే, పార్ట్ రావాలె, 20 దినాలన్నరు. నెలన్నర పట్టింది. రాయితీ ఇచ్చేటప్పుడు కంపెనీకి ఒక షరతు పెట్టొచ్చు కదా, అమ్మిన మండలంల రిపేరు చేసే మనిషి ఉండాలెనని? మన దగ్గర సైకిల్ మోటర్ బాగుచేసే పిల్లలు ఎంతమంది లేరు? వాళ్లకు ఆర్నెల్లు పని నేర్పియ్యొచ్చు కదా?

షరతులు ఎవరికి పెడ్తరో గూడ చూడాలె. ఫేమ్ రెండో విడతల దేశంల తయారైన పార్టులే వాడాలె అని నియమం ఉండె. కొన్ని కంపెనీలు బయటి నుంచి తెప్పిచ్చిన పార్టులు పెట్టి రాయితీ తీసుకున్నయని 2023ల బయట పడ్డది. ఏడు కంపెనీలను 469 కోట్లు తిరిగి కట్టమన్నది కేంద్రమే. అన్ని కోట్లు పోయినంక దొరికింది దొంగతనం. అదే మనం ఒక డ్రిప్పు పైపు సబ్సిడీకి పోతే పట్టా పాస్‌బుక్కు, ఆధారు, బ్యాంకు పుస్తకం, చేన్ల నిలబడి ఫోటో. వేలిముద్ర పడకపోతే మళ్ల రేపు రా. మూడెకరాలోని మీద ఉన్న అనుమానంల పదో వంతు ఆ కంపెనీల మీద ఉంటే 469 కోట్లు పోకపోవు.

ఇప్పుడు అసలు మాట. పీఎం ఈ-డ్రైవ్‌కు 10,900 కోట్లు. అందుల స్కూటర్లున్నయి, ఆటోలున్నయి. బస్సులకు 4,391 కోట్లు. లారీలకు 500 కోట్లు. అంబులెన్సులకు 500 కోట్లు. ఛార్జింగ్ స్టేషన్లకు 2,000 కోట్లు. మంచిదే, అన్నీ కావాల్సినవే. మరి ట్రాక్టర్ ఏది? ఆ జాబితాల ట్రాక్టర్ అన్న మాటే లేదు. రాష్ట్రం జీవోల ట్రాక్టర్ పేరున్నది కదా అంటే, ఉన్నది. కానీ పన్ను మాఫీ అనేది కొన్నోనికి కదా. కొనే ధరకు దొరకనప్పుడు మాఫీ ఎవనికి? లేని బర్రెకు పాలు పిండుకోమన్నట్టు.

కరెంటు ట్రాక్టర్ తయారే కాలేదా అంటే, ఎప్పుడో అయింది. 2020 డిసెంబర్‌ల సోనాలికా వాళ్లు టైగర్ ఎలక్ట్రిక్ అని తెచ్చిండ్రు. మన హైదరాబాద్‌లనే సెలెస్టియల్ అనే కంపెనీ కరెంటు ట్రాక్టర్ చేసి చూపిచ్చింది. 2021 ఫిబ్రవరిల గడ్కరీ గారు డీజిల్ నుంచి సీఎన్‌జీకి మార్చిన ట్రాక్టర్‌ను విడుదల చేసి రైతుకు ఏడాదికి లక్ష రూపాయలు మిగులుతయన్నరు. ఇది 2026. మా మండలంల ఆ మూడింటిల ఒక్కటన్న నా కంట పడలే. మీ దగ్గర ఎవరన్న చూసి ఉంటే చెప్పండి, చార్జీలు పెట్టుకుని వచ్చి చూస్త.

పోయిన సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్ మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గిచ్చిండ్రు. టైర్లు, పార్టుల మీద 18 నుంచి 5కు. మంచి పని చేసిండ్రు, కాదనను. కానీ ఒక్కటి ఆలోచించండి. మన ఊర్లల్ల ట్రాక్టర్ కొనేది ఎంతమంది? మా ఊర్ల వందకు అయిదుగురు. మిగతా మనమంత కిరాయి గాళ్లమే. రోటవేటర్‌కు గంటకు 1,200 ఇచ్చి దున్నిచ్చుకుంటున్న. ఆ తమ్ముణ్ని తగ్గియ్యమంటే, "కాక, గంటకు అయిదారు లీటర్ల డీజిల్ తాగుతది, నేనెక్కడ తగ్గియ్యాలె" అంటడు. వాడు అబద్ధం చెప్తలేడు. లీటర్ డీజిల్ 95 రూపాయల పైన. అందుల రాష్ట్రం వ్యాట్ 27 శాతం, అంటే లీటర్‌కు 20 రూపాయల దాక. కేంద్రం ఎక్సైజ్ దాని మీద వేరే. గంట దున్నుడుకు నేను ఇచ్చే కిరాయిల వంద రూపాయల పైన ఒక్క వ్యాట్ కిందనే పోతున్నది. కారుకు పన్ను వదిలితే ఖజానాల గుంట పడ్తది కదా, ఆ గుంట ఎవరో పూడ్చాలె. గంట దుక్కి దున్నిచ్చిన ప్రతి రైతు ఆ గుంటల ఒక తట్ట మన్ను పోస్తున్నడు.

ఇక్కడనే ఉన్నది తప్పంత. ఈ రాయితీలన్నీ కొత్త బండి కొన్నప్పుడు, ఆ ధర మీద వస్తయి. ఎంత ఖరీదు బండి కొంటే అంత ఎక్కువ మాఫీ. పని మీద రావు. 15 లక్షల కారు వారానికి ఒక్కసారి సినిమాకు పోయినా రెండున్నర లక్షలు మాఫీయే. ఏడాదంత వంద మంది చేన్లు దున్నే ట్రాక్టర్ ఎంత డీజిల్ తాగుతదో, ఎంత పొగ కక్కుతదో ఎవరూ లెక్క పెట్టరు. పొగ తగ్గాలెనన్నదే అసలు ఉద్దేశమైతే, డీజిల్ ఎక్కడ ఎక్కువ కాలుతున్నదో అక్కడ పైసలు పెట్టాలె కదా?

రైతులు కొత్తవాటికి ఒప్పుకోరు, పాతదాన్నే పట్టుకుని ఏలాడుతరు అని మీటింగుల్ల అంటరు. వినంగనే ఒళ్లు మండుతది. నాకు యాదికున్నది, మా నాయన బాయి మీద ఆయిల్ ఇంజన్ ఉండె. హ్యాండిల్ తిప్పి తిప్పి చేతులు బొబ్బలెక్కేటివి. కరెంటు స్తంభాలు చేను దాకా వచ్చినయి. ఎవ్వరూ అవగాహన సదస్సు పెట్టలే. ఊర్ల ఆయిల్ ఇంజన్లన్నీ పాత సామాన్లోనికి పోయినయి. ఎందుకు? కరెంటు చేను దాకా వచ్చింది, డీజిల్ కన్నా సులువైంది, అంతే. ఇప్పుడు చూడండి, మందు కొట్టే పంపులు. చేతి పంపు పోయి ఛార్జింగ్ పంపు వచ్చింది. రాత్రి ఇంట్ల ఛార్జింగ్ పెట్టి పొద్దుగాల భుజానికి ఏసుకుని పోతున్నం. కరెంటుకు మారుడు పట్నపోళ్ల కన్న ముందు మనకే తెలుసు. అందేటట్టు ఉంటే రైతు ఒక్క దినం గూడ ఆగడు.

కరెంటు ట్రాక్టర్‌కు ఛార్జింగ్ ఎక్కడ పెట్టాలె అన్నది గూడ ఎవరూ ఆలోచించలే. ఇంట్ల మనకు సింగిల్ ఫేజ్. త్రీ ఫేజ్ ఉన్నది బాయి కాడ. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు అన్నరు. కానీ అది బాయి మోటర్‌కే. అదే స్టార్టర్ డబ్బా నుంచి ట్రాక్టర్‌కు తీగ గుంజితే కరెంటోళ్లు కేసు రాస్తరు. నిబంధన ప్రకారం వాళ్లది తప్పు కాదు. నిబంధన రాసినప్పుడు ట్రాక్టర్ కరెంటు మీద నడుస్తదని ఎవరూ అనుకోలే. నగరంల అపార్ట్‌మెంట్ కింద ఛార్జింగ్ పాయింట్ ఎట్ల పెట్టాలెనో నియమాలు రాసిండ్రు. చేను కాడ ఎట్ల పెట్టాలెనో రాసే తీరిక దొరకలే.

ఇగ రెండో తొవ్వకు వస్త. ఇథనాల్.

ఇది ఇంకా ముఖ్యం, ఎందుకంటే ఇక్కడ మనం చూసేటోళ్లం కాదు, ముడిసరుకు మనదే. 2018ల జీవ ఇంధన విధానం తెచ్చిండ్రు. పెట్రోల్‌ల 20 శాతం ఇథనాల్ కలుపుడు 2030 దాకా అన్నది ముందుకు జరిపి 2025-26 అన్నరు. ఆ 20 శాతం 2025లనే అందుకున్నరు. అన్నదాత ఊర్జాదాత అయితడు, అంటే తిండి పెట్టేటోడే ఇంధనం గూడ ఇస్తడు అని పెద్ద పెద్ద సభల్ల చెప్పిండ్రు. 2024 జనవరిల మక్కల నుంచి తీసిన ఇథనాల్‌కు లీటర్ 66.07 నుంచి 71.86కు పెంచిండ్రు. ఆ ఏడాది మక్కల ధర లేసింది. మద్దతు ధర దాటి అమ్ముకున్నోళ్లున్నరు. ఆ ఆశతోనే నేను రెండెకరాల పత్తి తీసేసి మక్క ఏసిన. నేనొక్కణ్నే కాదు, మా పక్క చేన్లన్నీ అదే బాట.

లెక్క చెప్త, మీరూ కాగితం మీద వేసి చూడండి. క్వింటాల్ మక్కల నుంచి అటూ ఇటూగ 38 లీటర్ల ఇథనాల్ వస్తది. లీటర్ 71.86 చొప్పున 2,730 రూపాయలు. మిగిలిన పిప్పి గూడ పారేసేది కాదు, పశువుల దాణా, కోళ్ల దాణా కింద అమ్ముకుంటరు. ఫ్యాక్టరీకి బొగ్గు ఖర్చు, కరెంటు, జీతాలు, అప్పు కిస్తీలు ఉంటయి. అన్నీ నాకే ఇయ్యమని అంటలేను. అప్పు మీద వడ్డీల గూడ కేంద్రం ఆదుకున్నది, ఆరు శాతం గానీ సగం వడ్డీ గానీ, ఏది తక్కువైతే అది, అయిదేండ్లు. తయారైన సరుకు ఆయిల్ కంపెనీలు ముందే చెప్పిన ధరకు కొంటయి.

చూసిండ్రా తేడా? ఇథనాల్ ధర సర్కారు చెప్పింది, ఆ ధర కచ్చితంగ వస్తది. మక్కల ధర గూడ సర్కారే చెప్పింది, 2,400 అని. అది మాత్రం రాదు. ఫ్యాక్టరీ గేటు బయట మద్దతు ధర అనేది ఒక మాట, గేటు లోపల ఇథనాల్ ధర అనేది ఒక హక్కు. 1,850కి నా మక్కలు కొన్న సేటు వాటిని ఎవరికి అమ్మిండో నాకు తెల్వదు. కోళ్ల దాణాకు పోయినయో, ఇథనాల్‌కు పోయినయో. కానీ ఇథనాల్‌కు పోయిన ప్రతి గింజకు సర్కారు ధర దొరికింది, ఆ గింజ పండిచ్చినోనికే దొరకలే.

ఇది చేతగాక కాదు. చెరుకుకు ఎట్ల చేసిండ్రు? 1966 నాటి చెరుకు నియంత్రణ ఉత్తర్వు ఉన్నది. ఫ్యాక్టరీ చెరుకు తీసుకున్నంక 14 దినాల లోపల సర్కారు చెప్పిన ధర కట్టాలె, లేకపోతే వడ్డీ కట్టాలె. మా దగ్గర చక్కెర ఫ్యాక్టరీ నడిచినన్ని దినాలు నేనూ చెరుకు ఏసిన. పైసలు ఆలస్యం అయినయి, తిప్పలు పడ్డం. కానీ "ధర ఎందుకు తక్కువ ఇస్తున్నవ్" అని గల్లా పట్టి అడిగే కాగితం మన చేతుల ఉండె. మక్కకు ఆ కాగితం లేదు. చెరుకు రసం నుంచి తీసినా, మక్క నుంచి తీసినా అదే ఇథనాల్, అదే పెట్రోల్ ట్యాంకుల పడ్తది. ఒక రైతుకు చట్టం, ఇంకో రైతుకు సేటు దయ.

దీని మీద ఇంకొకటి చేసిండ్రు. మక్కల ధర లేస్తున్నదని, ఎఫ్‌సీఐ గోదాంల బియ్యం క్వింటాల్ 2,250 లెక్కన డిస్టిలరీలకు ఇచ్చిండ్రు, 2025 జనవరి నుంచి. మనం వడ్లే 2,300 మద్దతు ధరకు అమ్మినం. వడ్లు కొని, మర ఆడిచ్చి, గోదాంల పెట్టిన బియ్యం వడ్ల కన్న తక్కువకు! ఆ నష్టం సర్కారు మోసింది, ఫ్యాక్టరీ కోసం. మరి మక్కల ధర ఎందుకు నిలబడ్తది? ఇథనాల్ తీసిన పిప్పి దాణా చౌకగ దొరికితే సోయా చెక్కను అడిగేటోడు తగ్గుతడు. ఆదిలాబాద్, నిజామాబాద్ దిక్కు సోయా ఏసిన అన్నలు ఆ దెబ్బ నా కన్న మంచిగ చెప్తరు.

ఫ్యాక్టరీ పెట్టే కాడ గూడ ఇదే తీరు. ధాన్యం నుంచి ఇథనాల్ తీసే ఫ్యాక్టరీలకు ప్రజాభిప్రాయ సేకరణ లేకుండనే అనుమతి ఇచ్చేటట్టు 2021ల కేంద్రం నియమం సడలిచ్చింది. ఊర్ల దండోరా లేదు, సభ లేదు, గోడ లేసినంక తెలుస్తది. చిత్తనూర్‌ల, దిలావర్‌పూర్‌ల, పెద్ద ధన్వాడల జనం రోడ్డు మీదికి ఎందుకొచ్చిండ్రు? మా నీళ్లు, మా చేన్లు, మమ్మల్ని అడగరా అని. కేసులైనయి, జైలుకు పోయిండ్రు. నేను ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దే వద్దు అంటలేను. ముందుగాల అడుగు అంటున్న. పెండ్లికి పిల్లను అడగకుండ ముహూర్తం పెట్టినట్టు ఊరిని అడగకుండ పునాది తీస్తరా?

చివరికి ఆ ఇథనాల్ కలిపిన పెట్రోల్ మళ్ల మనకే అమ్ముతరు. నీతి ఆయోగ్ 2021ల ఇచ్చిన నివేదికలనే ఉన్నది, 20 శాతం కలిపితే పాత కార్లకు మైలేజీ ఆరేడు శాతం, మోటర్ సైకిళ్లకు మూడు నాలుగు శాతం తగ్గొచ్చని. ఆ లోటు పూడ్చేటందుకు కొనేటోళ్లకు పన్నుల రాయితీ ఇయ్యాలెనని గూడ ఆ నివేదికే చెప్పింది. మొదటి ముచ్చట అమలైంది, రెండోది మర్చిపోయిండ్రు. పెట్రోల్ 107 పైననే ఉన్నది. మన ఊర్లల్ల పదిహేనేండ్ల మోటర్ సైకిళ్లు ఎన్ని నడుస్తున్నయో మీకు తెల్వదా? తైవాన్ పంపుల పెట్రోల్ మిగిల్చి రెండు నెల్లు మూలకు పెడ్తే ఇథనాల్ తేమ గుంజుకుంటది. పోయినేడు నా పంపు కార్బొరేటర్ జామ్ అయి మందు కొట్టే దినమే ఆగిపాయె. అందుకనే చెప్తున్న, సీజన్ అయిపోయినంక ట్యాంక్ పూర్తిగ ఖాళీ చేసి పెట్టుకోండి.

కొంతమంది అంటరు, "నువ్వు అన్నిటికీ అడ్డమే, దేశం ముందుకు పోవద్దా" అని. పోవాలె. ఎండలు ఎట్ల ముదురుతున్నయో, వానలు ఎట్ల తప్పుతున్నయో ఏసీల కూసున్నోళ్ల కన్న ముందు తెలిసేది మనకే. నా మక్కలు తడిసింది అకాల వానకే కదా. నేను అడిగేది ఒక్కటే, నూనె ఖర్చు తగ్గిచ్చే పనిల మనం గూడ భాగస్తులమే కదా, మరి మన భాగం ఏది?

ఉత్త తిట్లతోని పని కాదు, ఏం గావాలెనో గూడ రాస్తున్న.

1. కేంద్రం ఇచ్చే కరెంటు బండ్ల రాయితీల ట్రాక్టర్ పేరు రాయాలె. ఒక్కొక్కనికి కాదు, సొసైటీలకు, మహిళా సంఘాలకు ఇయ్యాలె. సొసైటీ కరెంటు ట్రాక్టర్ కొని కిరాయికి నడపాలె. అప్పుడు మూడెకరాలోనికి గూడ గంట కిరాయిల రాయితీ అందుతది.

2. రాష్ట్రంల 2,601 రైతు వేదికలున్నయి. చాన దినాలు తాళం ఏసే ఉంటయి. వాటి మీద సోలార్ పలకలు ఏసి, త్రీ ఫేజ్ ఛార్జింగ్ పెట్టాలె. ట్రాక్టర్లు, స్కూటర్లు అక్కడనే ఛార్జింగ్ చేసుకుంటరు.

3. వడ్డీ రాయితీ తీసుకున్న, ఆయిల్ కంపెనీలకు ఇథనాల్ అమ్ముతున్న ప్రతి ఫ్యాక్టరీ మద్దతు ధరకు మక్కలు కొన్నట్టు రసీదులు చూపాలె. రసీదు లేకుంటే ఆ లీటర్‌కు 71.86 ఇయ్యొద్దు. చెరుకు లెక్కనే 14 దినాల గడువు మక్కకు గూడ రావాలె.

4. గ్రామసభ తీర్మానం లేకుండ ఇథనాల్ ఫ్యాక్టరీకి అనుమతి ఇయ్యొద్దు.

5. 20 లక్షలు దాటిన కార్లకు పన్ను మాఫీ ఆపి, ఆ పైసలు పైన రాసిన మొదటి రెండు పనులకు పెట్టాలె.

మొన్న డిసెంబర్‌లనే మనం కొత్త సర్పంచులను గెలిపిచ్చుకున్నం. ఇంక కుర్చీ వేడెక్కలే, ఇప్పుడు చెప్తే వింటరు. జనవరి 26న గ్రామసభ ఉంటది. ఆ దినం జెండా వందనం కాంగనే బూందీ తీసుకుని ఇంటికి పోకండి. కూసోండి. ఈ అయిదు ముచ్చట్లు తెల్ల కాగితం మీద రాసి, తీర్మానం చేయిచ్చి, రిజిస్టర్ల ఎక్కిచ్చి, ఒక కాపీ కలెక్టర్ ఆఫీసుకు, ఒక కాపీ ఎమ్మెల్యేకు పంపండి. ఒక్క ఊరు పంపితే చెత్తబుట్టల పడ్తది. మండలంల అన్ని ఊర్లు పంపితే బల్ల మీద పడ్తది.

మా ఊర్ల నేను చదువుత. మా అల్లునికి గూడ ఫోన్ చేసి చెప్పిన. "మామా, నీ మాట న్యాయమే, ఇంగ్లీషుల నేను టైప్ చేసిస్త" అన్నడు. పచ్చ ప్లేటోడు, పచ్చని చేనోడు కొట్లాడుకునే పని లేదు. ఇద్దరం ఒక్క కాగితం మీద సంతకం పెట్టేది ఉన్నది.

ఉంట మరి. పొద్దుగాల మడికి నీళ్లు పెట్టేది ఉన్నది.